పాత వెదర్ స్టేషన్‌లో తేమ సెన్సర్ మార్చడం: ప్రసంగ పాఠం

నమస్కారమండి. వెనక వరసల దాకా వినిపిస్తోంది కదా? మంచిది, మొదలుపెడదాం.

మేడ మీద పదేళ్ళుగా ఎండకీ వానకీ నిలబడ్డ వెదర్ స్టేషన్‌లో ముందు పాడయ్యేది ఏదని అడిగితే, చాలామంది గాలి కప్పుల వైపో వాన గిన్నె వైపో వేలు చూపిస్తారు. కదిలేవి అవే కాబట్టి అరిగేవీ అవే అనుకుంటాం. అవి పాడైతే ఒక సుఖం ఉంది, వెంటనే తెలిసిపోతుంది. కప్పులు తిరగవు. కుండపోతగా కురుస్తున్నా వాన సున్నా అని చూపిస్తుంది. తేమ సెన్సర్ అలా బయటపడదు. ఏడాదికి కాస్త కాస్త జారుతూ, రోజూ నమ్మబుద్ధేసే అంకే చూపిస్తూ ఉంటుంది. 62 అంటుంది, నిజంగా ఉన్నది 54. ఎవరు పట్టుకుంటారు?

అందుకే మార్చడం ఎలాగో చెప్పే ముందు, మార్చాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలో ఎక్కువసేపు చెబుతాను. మార్చడం అరగంట పని. తేల్చుకోవడానికే రెండు మూడు రోజులు పడుతుంది.

ఉదాహరణకి డేవిస్ వాంటేజ్ ప్రో2 తీసుకుందాం. 2000ల మధ్య నుంచి ఇళ్ళ మీదా, పొలాల్లోనూ, కాలేజీల్లోనూ ఎక్కువగా కనిపిస్తున్న మోడల్ ఇది. పాతవి ఇంకా బాగానే నడుస్తున్నాయి. ఉష్ణోగ్రతా తేమా రెండూ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. పాత వాటిలో స్విట్జర్లాండ్‌కి చెందిన సెన్సిరియన్ కంపెనీ చేసిన ఎస్‌హెచ్‌టి11 చిప్ ఉండేది, తర్వాత వచ్చినవాటిలో అదే కంపెనీ ఎస్‌హెచ్‌టి31. మీ దగ్గరున్నది వేరే కంపెనీ స్టేషనైనా లోపలి సూత్రం ఇదే, పరీక్షలూ ఇవే.

లోపల ఏముంటుందంటే, రెండు లోహపు పొరల మధ్య పల్చటి పాలిమర్ పొర. గాలిలో తేమ పెరిగితే ఆ పొర నీటి అణువుల్ని పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. విద్యుత్తు నిల్వకి ఒక పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే అంకెని డైఎలక్ట్రిక్ విలువ అంటారు, అది నీటికి సుమారు 80, పాలిమర్‌కి మూడో నాలుగో. కాబట్టి పిసరంత నీరు చేరినా కెపాసిటన్స్, అంటే ఆ పొరల మధ్య విద్యుత్తు నిలవుండే సామర్థ్యం, మారుతుంది. దాన్నే చిప్ కొలిచి శాతంగా మారుస్తుంది. ఇప్పుడు ఆ పొరలోకి నీటితో పాటు ఇంకేవో కూడా చేరాయనుకోండి. పొగ, పెయింటు ఆవిరి, పురుగుమందు, సముద్రపు గాలిలోని ఉప్పు. నీటికి దొరకాల్సిన చోటు అవి ఆక్రమిస్తాయి. సెన్సర్ అరగడం అంటే ఇదే. శుభ్రమైన గాలిలో ఎస్‌హెచ్‌టి11 ఏడాదికి అర శాతం లోపే జారుతుందని డేటాషీట్, అంటే తయారీదారులు ఇచ్చే వివరాల పత్రం, చెబుతుంది. మన ఊళ్ళలో గాలి శుభ్రం కాదన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఉష్ణోగ్రత భాగం అంత తేలిగ్గా జారదు. ఉష్ణోగ్రత తప్పు చూపిస్తోందంటే నూటికి తొంభై సార్లు తప్పు సెన్సర్‌ది కాదు, దాని చుట్టూ ఉన్న ఇంటిది. ఆ ఇంటి సంగతి ముందు చూద్దాం. షీల్డు అంటే ఆ తెల్ల పళ్ళేల దొంతర. మామూలు షీల్డులో గాలి దానంతట అదే పళ్ళేల సందుల్లోంచి పోవాలి. అన్నీ సవ్యంగా ఉన్నా సరే, గాలి సెకనుకి మీటరు కూడా వీచని మిట్టమధ్యాహ్నం తీక్షణమైన ఎండలో సుమారు 2 డిగ్రీలు ఎక్కువ చూపించవచ్చని తయారీదారులే రాశారు. రోజంతా తిరిగే ఫ్యాన్ ఉన్న మోడల్లో అదే తేడా 0.3 డిగ్రీ. అందుచేత మీది ఫ్యాన్ మోడలై, మధ్యాహ్నం మాత్రమే ఎక్కువ చూపిస్తూ రాత్రి సరిగ్గా ఉంటే, ముందు కిందికి చెవి పెట్టి వినండి. ఫ్యాన్ ఆగిపోయి ఉంటుంది. లోపలి సి సైజు రీఛార్జబుల్ సెల్స్ చచ్చిపోయినా రాత్రిపూట తిరగదు. కొత్త సెన్సర్ కొని బిగించాక కూడా అదే తప్పు కనబడితే అప్పుడు గుర్తొస్తుంది ఫ్యాను.

పళ్ళేల మధ్య ఇంకెవరు కాపురం పెట్టారో కూడా చూడాలి. సాలీళ్ళు, చీమలు, బల్లి గుడ్లు, అన్నిటికీ మించి కందిరీగ. అది మట్టితో కట్టే గూడు సరిగ్గా సెన్సర్ బోర్డు పక్కనే కడుతుంది. అక్కడ నీడ, గాలి, వాన తగలని చోటు, దానికి కావలసినవన్నీ ఉన్నాయి మరి. ఆ తడి మట్టి ఆరేదాకా తేమ ఎక్కువ చూపిస్తుంది. దీనికి మందు బ్రష్షు. స్ప్రే మాత్రం వద్దు. దోమల మందో చీమల మందో షీల్డులోకి కొట్టారంటే, చీమలతో పాటు సెన్సర్ కూడా పోతుంది. ఆ ద్రావకాలన్నీ నేరుగా పాలిమర్‌లోకి దిగుతాయి.

సరే, శుభ్రం చేశారు. అయినా తేమ మీద అనుమానం పోలేదు. ఎలా తేల్చాలి?

మొదటి పని ఖర్చు లేనిది. డ్యూ పాయింట్ చూడండి. గాలిని చల్లబరుస్తూ పోతే దానిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది. తేమ శాతం పొద్దున్నా మధ్యాహ్నం విపరీతంగా మారుతుంది కాబట్టి దాన్ని చూసి తప్పు పట్టుకోవడం కష్టం. డ్యూ పాయింట్ మాత్రం గాలి మారితే తప్ప గంట గంటకీ పెద్దగా మారదు. మన కోస్తాలో ఎంత ఉక్కపోత రోజైనా ఆవిరి వచ్చేది బంగాళాఖాతం నుంచే. ఆ సముద్రపు నీటి వేడి ఎంతో, డ్యూ పాయింట్‌కీ దాదాపు అదే హద్దు. గుంటూరులోనో ఏలూరులోనో మీ కన్సోల్, అంటే ఇంట్లో అంకెలు చూపించే పెట్టె, 32, 33 డ్యూ పాయింట్ చూపిస్తూ ఉంటే వాతావరణాన్ని కాదు, సెన్సర్‌ని అనుమానించండి.

ఈ తప్పు ఎంత దూరం పోతుందో చూడండి. మే నెల, 38 డిగ్రీలు. నిజమైన తేమ 40 శాతం. మీ సెన్సర్ 55 అంటోంది. డ్యూ పాయింట్ 22 బదులు 27 దాటుతుంది. హీట్ ఇండెక్స్, అంటే తేమతో కలిపి ఒంటికి తెలిసే వేడి, సుమారు 43 ఉండాల్సింది 51 దగ్గరికి పోతుంది. ఆ అంకె స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెడితే ఊరంతా బెంబేలు. జారింది ఒక్క తేమ అంకె, దాని మీద ఆధారపడి లెక్కించే ప్రతిదీ దానితో పాటు జారింది.

రెండో పని, పొగమంచు రోజు కోసం చూడటం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి నాలుగడుగుల అవతల మనిషి కనపడని పూట, సెన్సర్ 97 నుంచి 100 మధ్య ఉండాలి. గంటల తరబడి మంచులో ఉండి కూడా 88 దగ్గరే ఆగిపోయిందంటే పొర మురికిపట్టింది. దీనికి తిరుగుడు, ఎండ కాసే మధ్యాహ్నం కూడా 100 దగ్గరే అంటుకుపోతే లోపల తడి చేరి షార్ట్ అవుతోంది. కన్సోల్‌లో అంకె బదులు గీతలు కనిపిస్తే అది జారడం కాదు. చిప్‌తో మాటలే లేవు. అప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌నీ జాక్‌నీ.

ఇక్కడ ఒక జాగ్రత్త. తేమ సెన్సర్‌కి 80 శాతం పైన రోజుల తరబడి ఉండటం ఇష్టం ఉండదు. ఎస్‌హెచ్‌టి31 డేటాషీట్ ప్రకారం 80 పైన 60 గంటలు ఉంచితే తాత్కాలికంగా 3 శాతం దాకా ఎక్కువ చూపించవచ్చు. తర్వాత పొడి గాలి తగిలితే మెల్లగా సర్దుకుంటుంది. కాకినాడలోనో విశాఖలోనో ఆగస్టు, సెప్టెంబరు రాత్రులు ఎలా ఉంటాయో తెలుసు కదా. కాబట్టి వానాకాలంలో రెండు మూడు శాతం ఎక్కువ కనబడితే సెన్సర్ పోయిందని తీర్పు చెప్పేయకండి. ఫిబ్రవరిలో మళ్ళీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

మూడోది తడి బల్బు, పొడి బల్బు. ఒకేలాంటి రెండు థర్మామీటర్లు, పదో వంతు డిగ్రీ చూపించే డిజిటల్ ప్రోబ్‌లైనా సరే. ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఒకదానికి పల్చటి నూలు గుడ్డ చుట్టండి. పాత ధోవతి ముక్క శ్రేష్ఠం, కానీ గంజి పెట్టింది పనికిరాదు. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతకండి. తడపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ గట్టిగా పెట్టండి, గాలి సెకనుకి 3 మీటర్లకి తగ్గకూడదు. ఐదు నిమిషాలయ్యాక తడి బల్బు ఇక దిగనన్న చోట అంకె రాసుకోండి.

హైదరాబాదులో చేశారనుకుందాం, పొడి 32, తడి 26. తేడా 6. గాలి పీడనం అక్కడ సుమారు 950 హెక్టోపాస్కల్స్. 6 ని 950 తో, దాన్ని 0.000662 అనే స్థిరాంకంతో గుణిస్తే 3.77. 26 డిగ్రీల దగ్గర గాలి మోయగల ఆవిరి పీడనం 33.61. అందులోంచి 3.77 తీసేస్తే 29.84. 32 దగ్గర మోయగలిగేది 47.55. భాగిస్తే 62.8 శాతం. అదే విశాఖలో పీడనం 1005 వేసుకుంటే 62.3 వస్తుంది. తేడా అర శాతమే కాబట్టి పీడనం గురించి మరీ కంగారు పడొద్దు. తడి బల్బు అర డిగ్రీ తప్పు చదివితే మాత్రం దాదాపు మూడు శాతం తేడా వస్తుంది. కాబట్టి చాదస్తమంతా ఆ గుడ్డ మీద చూపించండి.

నాలుగోది, నిక్కచ్చిగా తేల్చేది, ఉప్పు డబ్బా. మూత బిగిసిన డబ్బాలో తడి ఉప్పు పెడితే లోపలి గాలి తేమ 75.3 శాతం దగ్గర నిలబడుతుంది. ఇది 25 డిగ్రీల దగ్గర లెక్క. 30 దగ్గర 75.1, 20 దగ్గర 75.5. చూశారా, ఉష్ణోగ్రత మారినా దాదాపు కదలదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లుతుంది కదా, ఇదే ఆ హద్దు. గాలిలో తేమ 75 దాటితే ఉప్పు నీళ్ళు పట్టడం మొదలవుతుంది. మీరు చూసే ఉంటారు, కల్లుప్పు అంతకు ముందే చెమ్మగిల్లుతుంది. చినగంజాం, నౌపడ కొఠారుల్లో సముద్రపు నీరు ఆరబెట్టి తీసే ఉప్పులో కాస్త మెగ్నీషియం క్లోరైడ్ కూడా మిగిలి ఉంటుంది. అది 33 శాతం దగ్గరే నీళ్ళు పట్టే రకం. కాబట్టి ఈ పరీక్షకి కల్లుప్పు వద్దు, దానితో డబ్బాలో తేమ 75 కంటే తక్కువకి దిగవచ్చు. ల్యాబ్ గ్రేడు సోడియం క్లోరైడ్ అయితే మంచిది, దొరక్కపోతే ప్యాకెట్‌లో వచ్చే శుద్ధి చేసిన మెత్తటి ఉప్పు.

ఒక లీటరు లోపు పట్టే గట్టి మూత డబ్బా తీసుకోండి. సీసా మూతలో రెండు మూడు చెంచాల ఉప్పు పోసి, డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేయండి. తడి ఇసుకలా ఉండాలి, పైన నీళ్ళు తేలకూడదు. అన్నీ కరిగిపోయి ఉప్పునీళ్ళయితే 75 రాదు, పరీక్ష వృథా. ఆ మూతని డబ్బా అడుగున పెట్టి, సెన్సర్ బోర్డు దానికి తగలకుండా పైన వేలాడదీయండి. కేబుల్ బయటికి వచ్చే సందుని టేపుతో మూసేయండి. గోధుమపిండి ముద్ద పెడతామంటారు కొందరు. అది కూడా తడే, దాని తేమ అది వదులుతుంది. వాంటేజ్ ప్రో2 లో సెన్సర్ కేబుల్ పొట్టిది కనుక ట్రాన్స్‌మిటర్ పెట్టెని, అంటే అంకెల్ని కన్సోల్‌కి పంపే పెట్టెని, డబ్బా పక్కనే పెట్టుకోవాలి. మొత్తాన్ని ఒక థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఏసీ, ఫ్యాన్ లేని గదిలో రాత్రంతా వదిలేయండి. 8 గంటలు తక్కువ కాకూడదు. ఎందుకింత పట్టుదల అంటే, ఉప్పుకీ సెన్సర్‌కీ మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నా తేమ నాలుగున్నర శాతం తప్పుతుంది. రెండూ ఒకే వేడికి రావాలి.

పొద్దున చూడండి. 73 నుంచి 77 మధ్య ఉంటే ఆ సెన్సర్ బాగుంది, షీల్డు కడుక్కుని ఇంటికి పొండి. 70, 81 లాంటి అంకె వస్తే ఇంకో డబ్బా కావాలి. ఈసారి రసాయనాల దుకాణంలో దొరికే మెగ్నీషియం క్లోరైడ్‌తో. అది 25 డిగ్రీల దగ్గర 32.8 ఇస్తుంది. రెండు డబ్బాలు ఎందుకంటే, కన్సోల్‌లో తేమకి ఆఫ్‌సెట్ వేసుకునే, అంటే వచ్చిన అంకెకి కొంత కలిపో తీసేసో చూపించమనే వీలుంది కదా, అది వేసి ఊరుకోవచ్చా లేదా అని తేల్చడానికి. 75 డబ్బాలో 71, 33 డబ్బాలో 29 చూపిస్తే అన్నిచోట్లా 4 తక్కువ. ఆఫ్‌సెట్ ప్లస్ 4 వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. 75 దగ్గర 71, 33 దగ్గర 38 చూపిస్తే మాత్రం వాలు పడిపోయింది. ఏ ఆఫ్‌సెట్ వేసినా ఒకచోట బాగుపడి ఇంకోచోట చెడుతుంది. అరిగిన సెన్సర్లలో తరచూ కనబడేది ఇదే. ఇక మార్చక తప్పదు.

పాతదాన్ని బాగుచేయలేమా అని అడిగేవాళ్ళుంటారు. చిప్ డేటాషీట్‌లో ఒక పద్ధతి ఉంది. 100 నుంచి 105 డిగ్రీల వేడిలో, 5 శాతం లోపు తేమలో 10 గంటలు ఉంచి, ఆ తర్వాత 20 నుంచి 30 డిగ్రీల మధ్య 75 శాతం తేమలో 12 గంటలు ఉంచాలి. ఒట్టి చిప్‌కైతే సరే. మన బోర్డుకి ప్లాస్టిక్ మూత, ప్లగ్, కేబుల్ తొడుగు ఉన్నాయి, అవి ఆ వేడికి వంగిపోతాయి. ఇంట్లో ఓవెన్ 100 అని పెడితే 120 దాకా ఊగుతుంది. ఏడెనిమిదేళ్ళు నడిచిన సెన్సర్ మీద ఈ ప్రయోగం దండగ.

ఇక కొనడం. ఆర్డరు ఇచ్చే ముందు బయటి యూనిట్ అడుగున స్టిక్కరు మీదున్న మోడల్ నంబరు, తయారీ కోడ్ ఫోటో తీసి అమ్మేవాళ్ళకి పంపండి. ఏ విడి భాగం సరిపోతుందో దాన్ని బట్టి ఉంటుంది, ఫ్యాన్ మోడల్‌కీ మామూలుదానికీ ఏది సరిపోతుందో కూడా అడగండి. వచ్చాక దాని కవరు చింపకుండా ఉంచండి. తేమ సెన్సర్‌ని మామూలు బబుల్ ర్యాప్‌లోనో, గులాబీ రంగు యాంటీస్టాటిక్ సంచిలోనో నెలలపాటు దాచకూడదు. ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు పొరలోకి దిగుతాయి. కొన్నప్పుడు వచ్చిన లోహపు పొర సంచే దానికి ఇల్లు.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, అంగుళం పెయింటు బ్రష్షు, ఎండకి తట్టుకునే నల్ల కేబుల్ టైలు, కట్టర్, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, మాస్కింగ్ టేపు, మందపాటి నల్లగుడ్డ. కొత్త సిఆర్‌123 బ్యాటరీ ఒకటి. ఎలాగూ దించుతున్నారు, అదీ మార్చేయండి.

మేడ మీద పని పొద్దున్నే పెట్టుకోండి. కన్సోల్‌లో పాత ఆఫ్‌సెట్లు ఎంతున్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి, దీనితో తర్వాత పనుంది. స్తంభం నుంచి యూనిట్ దించేముందు వాన గిన్నె పైగరాటు తిప్పి తీసి, లోపల అటూ ఇటూ ఊగే తక్కెడని టేపుతో కదలకుండా అంటించండి. ఇది చేయకపోతే మెట్లు దిగేలోపు పది పదిహేను మిల్లీమీటర్ల వాన లెక్కలో ఎక్కుతుంది. ఎండలో వాన పడిందని మీ రికార్డు శాశ్వతంగా చెబుతుంది. గాలి కప్పుల కేబుల్ సుమారు 12 మీటర్లుంటుంది, దాన్ని లాగకండి, పెట్టె లోపల విండ్ అని రాసిన జాక్ దగ్గరే విప్పండి.

కిందికి తెచ్చాక సోలార్ ప్యానెల్ మీద నల్లగుడ్డ కప్పి, ట్రాన్స్‌మిటర్ పెట్టె మూత తీసి, బ్యాటరీ తీయండి. లోపల ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, ప్యానెల్ నుంచి నిండి ఉంటే బ్యాటరీ తీశాక కూడా చాలాసేపు నడుస్తుంది. కాసేపు ఆగండి. లోపలంతా ఒక ఫోటో తీసుకోండి. ఏ కేబుల్ ఎటు నుంచి వచ్చిందో, కేబుళ్ళు దూరే చోట ఫోమ్ ముక్క ఎలా ఉందో ఆ ఫోటోలో కనబడాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫోమ్ పెట్టడం మరచిపోతే రెండు నెలల్లో చీమలు లోపల గుడ్లు పెడతాయి. టెంప్ హమ్ అని రాసిన జాక్‌లోంచి ప్లగ్ విప్పాలి. ఫోన్ వైర్లకి ఉండే ఆర్‌జె11 రకం అది. దాని చిన్న ప్లాస్టిక్ నాలుక పదేళ్ళకి పెళుసెక్కి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, గోటితో నొక్కి ప్లగ్ పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు.

ఇప్పుడు పళ్ళేలు. రెండున్నర అంగుళాల పొడవు స్క్రూలు ఆ ఐదు పళ్ళేల్నీ కలిపి పట్టుకుని ఉంటాయి. విప్పే ముందు పళ్ళేల అంచున మాస్కింగ్ టేపు నిలువుగా ఒక బద్ద అంటించి దాని మీద 1 నుంచి 5 అంకెలు వేయండి. వరస మారిందా, గాలి పోయే దారి మారిపోతుంది, ఎండ లోపలికి తగులుతుంది. పళ్ళేలన్నీ చూడటానికి ఒకటేలా ఉన్నా లోపలి కంతలు ఒకటి కావు. వాటిని విడిగా సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టవచ్చు. సెన్సర్ లోపల ఉండగా మాత్రం పైపు పెట్టి కొట్టకండి.

పాత బోర్డుని స్క్రూలు విప్పి తీసి, దాని కేబుల్ ఎలా పోయిందో అదే దారిలో కొత్తదాని కేబుల్ పోనివ్వండి. కొత్త బోర్డుని అంచుల దగ్గరే పట్టుకోండి. చిప్ మీద చిన్న తెల్లటి పొరమూత ఉంటుంది, దాన్ని వేలితో తాకకూడదు. చేతి నూనె అంటితే మనమే కొత్తదాన్ని పాతది చేసినట్టు. జాక్ లోపలి ఇత్తడి రంగు కాళ్ళు నల్లబడి ఉంటే ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి, కానీ సెన్సర్ ఆ గదిలో ఉండగా కాదు. ఆల్కహాల్ ఆవిరి పూర్తిగా పోయాకే సెన్సర్ తీసుకురండి. కంతలు పూడ్చడానికి సిలికాన్ పూత కూడా వద్దు. ముఖ్యంగా ఆరేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం. ఆ వాసన అసిటిక్ యాసిడ్‌ది, సెన్సర్‌నే కాదు, పక్కనున్న రాగి కాళ్ళనీ తింటుంది.

బిగించి, కేబుల్ పెట్టెలోకి పోయే ముందు కిందికి ఒక చిన్న వంపు ఉంచండి. వాన నీరు ఆ వంపు అడుగున జారి పడిపోవాలి, ప్లగ్‌లోకి పోకూడదు. బ్యాటరీ పెట్టాక కన్సోల్ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఉష్ణోగ్రత పదీ పన్నెండు సెకన్లకోసారి వస్తుంది, తేమ మాత్రం సుమారు నిమిషానికోసారి. సెన్సర్ మీద ఊదేసి, అంకె మారలేదేమిటని అప్పటికప్పుడు కంగారుపడకండి.

అంకె వచ్చింది. ఇప్పుడు ఇందాక రాసుకున్న కాగితం తీయండి. పాత సెన్సర్ తప్పు సర్దడానికి వేసిన ఆఫ్‌సెట్ ఇంకా కన్సోల్‌లోనే కూర్చుని ఉంది. కొత్త సెన్సర్ 60 అని నిజం చెబితే కన్సోల్ దానికి 6 కలిపి 66 అంటుంది. కొత్త సెన్సర్ కూడా చెడ్డదే వచ్చిందని వాపసు పంపే కేసుల్లో చాలా వాటికి కారణం ఇదే. ఉష్ణోగ్రత, తేమ రెండు ఆఫ్‌సెట్లూ సున్నాకి తీసుకురండి. ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠాల్ని తుడిచేయండి, లేకపోతే గదిలో ఉన్నప్పటి అంకెలు రికార్డులో ఉండిపోతాయి. మేడ మీద మళ్ళీ బిగించాక తక్కెడ మీది టేపు తీయడం మరచిపోకండి. మరచిపోతే వాన ఎప్పటికీ పడదు.

మేడ ఎక్కించే ముందు ఆ కొత్త సెన్సర్‌ని కూడా ఒక రాత్రి ఉప్పు డబ్బాలో పెట్టండి. కొత్తదాన్ని కూడానా అంటారా? ఎస్‌హెచ్‌టి31 కి మాట ఇచ్చిన హద్దు ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం. 73 నుంచి 77 మధ్య వస్తే చాలు. ఆ అంకె తేదీతో సహా రాసిపెట్టండి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే డబ్బాలో పెట్టినప్పుడు ఎంత జారిందో చెప్పేది ఆ అంకే.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఒట్టి ఎస్‌హెచ్‌టి31 చిప్ ఉన్న చిన్న బోర్డులు ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతున్నాయి కదండీ, పాత బోర్డు మీద అదే టంకం పెట్టేస్తే?

పెట్టడం అయితే పెట్టగలరు, పని మాత్రం చేయదు. ఎస్‌హెచ్‌టి11 మాట్లాడే రెండు తీగల భాష చూడటానికి ఐ2సి లాగే, అంటే చిప్‌లు మాట్లాడుకునే మామూలు పద్ధతి లాగే, ఉంటుంది కానీ ఐ2సి కాదు. ఎస్‌హెచ్‌టి31 మాట్లాడేది అచ్చమైన ఐ2సి. ట్రాన్స్‌మిటర్‌కి ఒకటే భాష వస్తుంది. టంకం మీద మీ చేయి మంచిదైతే ఎస్‌హెచ్‌టి11 బదులు ఎస్‌హెచ్‌టి15 పెట్టవచ్చు. కాళ్ళూ భాషా రెండూ ఒకటే, ఖచ్చితత్వం ఎక్కువ. ఎస్‌హెచ్‌టి10 కూడా సరిపోతుంది కానీ అది నాలుగున్నర శాతం హద్దు చిప్, ఇంత కష్టం దానికోసమా? ఒక్కో కాలు మీద కాల్చే మొన 5 సెకన్లకి మించకూడదు, 350 డిగ్రీలు దాటకూడదు. ఫ్లక్స్ కడగక్కర్లేని రకం వాడండి, టంకం అయ్యాక ఏ ద్రావకంతోనూ కడగొద్దు. ఆ వేడికి పొర ఎండిపోయి తక్కువ చూపిస్తుంది. 75 శాతం తేమలో 12 గంటలు ఉంచితే తేరుకుంటుంది. ఉప్పు డబ్బా ఎలాగూ ఉంది.

ప్రశ్న: మా స్టేషన్ అంకెలు ఇంటర్నెట్‌లో అందరికీ కనబడతాయి. సెన్సర్ మార్చాక గ్రాఫ్‌లో మెట్టులాగా ఒక్కసారి దిగిపోయింది. పాత అంకెలు సరిదిద్దాలా?

వద్దండీ. పాత సెన్సర్ ఒక్క రోజులో చెడలేదు, ఏళ్ళ తరబడి జారింది. ఏ నెల ఎంత జారిందో మనకి లెక్క లేనప్పుడు ఒకే అంకె తీసేసి సరిచేశామనుకుంటే ఒక తప్పు మీద ఇంకో తప్పు. పాత అంకెల్ని అలాగే ఉంచి, స్టేషన్ వివరాల్లో మార్చిన తేదీ, పాతది ఉప్పు డబ్బాలో ఎంత చూపించింది, కొత్తది ఎంత చూపించింది, మూడూ రాయండి. అదే మూడు అంకెలు షీల్డు అడుగు పళ్ళెం లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో కూడా రాయండి. ఎండ తగలని చోటు కాబట్టి చెరగదు, తర్వాత విప్పేవాళ్ళకి మొదట కనబడేదీ అదే.